డాబా మీద తీగ, రాత్రి పూట అంకెలు: ప్రాజెక్టు డైరీ

నవంబరు 9, ఆదివారం

డాంగిల్ వచ్చింది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3, ల్యాప్‌టాప్‌ని రేడియోగా మార్చే చిన్న రిసీవరు. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌కి పెద్దన్నలా ఉంది. ల్యాప్‌టాప్‌కి గుచ్చి, బాల్కనీ గ్రిల్లుకి మూడు మీటర్ల వైరు చుట్టి ఆన్ చేశాను. షార్ట్‌వేవ్‌లో ఓ ముక్క స్క్రీను మీద నీలం రంగు వానలా కిందికి జారింది. ఆ వానలో స్టేషన్ల కంటే మా అపార్ట్‌మెంటే ఎక్కువ కనిపించింది. పైనుంచి కిందిదాకా పసుపు చారలు. ఒక్కో చార ఎవరో ఒకరి ఇంట్లో ఒక అడాప్టరు చేసే రొద.

ఏం చేయాలనుకుంటున్నానో రాసిపెట్టుకుంటాను, మధ్యలో దారి తప్పడం నాకు అలవాటే కాబట్టి. షార్ట్‌వేవ్‌లో పేరు చెప్పని స్టేషన్లు కొన్ని ఉన్నాయి. టైముకి ఠంచనుగా వస్తాయి, ఐదేసి అంకెల గుంపులు చదువుతాయి లేదా మోర్స్‌లో, అంటే చుక్కలు గీతల టెలిగ్రాఫ్ భాషలో, కొడతాయి, పోతాయి. గూఢచారులకి పంపే ఆదేశాలని వినేవాళ్ళకి తెలుసు, పంపేవాళ్ళు నోరు విప్పరు. నంబర్ స్టేషన్లు అంటారు వీటిని. వినేవాళ్ళే వీటికి పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లిష్‌లో చదివేవాటికి ఈ, జర్మన్‌కి జీ, స్లావ్ భాషలకి ఎస్, మిగతా భాషలకి వీ, మోర్స్‌కి ఎం. పక్కన ఒక నంబరు.

మల్కాజిగిరిలో, మా డాబా మీద, నా తీగతో వీటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. అంతే. నెదర్లాండ్స్‌లో ట్వెంటే యూనివర్సిటీ వాళ్ళ రిసీవరు ఉంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా తిప్పుకోవచ్చు. రష్యావాళ్ళ 'బజ్జరు' అనే స్టేషను 4625 కిలోహెర్ట్జ్ మీద నిమిషానికి పాతిక సార్లు గురక పెట్టడం అందులో ఎన్నిసార్లు విన్నానో. కానీ అది పక్కింటి టీవీలో క్రికెట్ చూసినట్టు. లెక్కలోకి రాదు.

నాన్న టీ గ్లాసుతో వచ్చి స్క్రీను చూశాడు.

"ఇందులో వార్తలొస్తాయారా?"

"అంకెలొస్తాయి నాన్నా."

"ముప్పై ఏళ్ళు అవే విన్నాను" అని వెళ్ళిపోయాడు. నాన్న ఖమ్మంలో టెలిగ్రాఫిస్టుగా చేశాడు.

నవంబరు 11, మంగళవారం

2214 కిలోహెర్ట్జ్ దగ్గర తెలుగు! అక్కడ తెలుగు ఉండాల్సిన పనే లేదు. ఎవరో రైతులకి పురుగుమందు ఎంత కలపాలో చెబుతున్నారు. లీటరుకి రెండు మిల్లీలీటర్లు అంటే ఇంకేదో అర్థమేమో అని ఒళ్ళు గగుర్పొడిచింది కూడా. కాస్త పక్కకి జరిగితే 1476 దగ్గరా అదే గొంతు. 2952 దగ్గరా అదే. కాలిక్యులేటర్ తీస్తే అన్నీ 738 ఎక్కంలోవి.

738 అంటే మన ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్, 200 కిలోవాట్లు. స్టేషన్‌ది తప్పేం లేదు. నా డాంగిల్‌కి ఉన్నది ఎనిమిది బిట్ల ముతక కొలతే. అంత బలమైన సిగ్నలు ఊళ్ళోనే ఉంటే దానికి ఊపిరాడక, లేని చోట్ల కూడా దాన్నే పుట్టిస్తోంది. ముందు ఈ 738ని గడప బయట ఆపాలి.

నవంబరు 16, ఆదివారం

నిన్న కోఠీ వెళ్ళాను, గుజరాతీ గల్లీకి. హైపాస్ ఫిల్టరుకి కావాల్సినవి: 2.7 నానోఫారడ్ కెపాసిటర్లు రెండు, 820 పికోఫారడ్‌ది ఒకటి, 2.5 మైక్రోహెన్రీ కాయిళ్ళు రెండు. కెపాసిటర్లు వరసగా, చిన్నది మధ్యలో, వాటి సందుల్లోంచి కాయిళ్ళు గ్రౌండుకి. రెండు మెగాహెర్ట్జ్ పైన ఉన్నవి లోపలికి వస్తాయి, కిందవి రావు. లెక్క ప్రకారం 738 దగ్గర 43 డెసిబెల్స్ తగ్గాలి.

రాత్రి పదకొండింటికి సోల్డరింగ్ అయింది. 2214 దగ్గర రైతుల కార్యక్రమం మాయం. ఇన్నాళ్ళూ దాని కింద నలిగిపోయిన చిన్న చిన్న సిగ్నళ్ళు ఎన్ని తేలాయో! ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా పెట్టిన ప్రతి రూపాయిలో ఈ ఫిల్టరుదే అసలు విలువ. కొత్తవాళ్ళు పెద్ద తీగ మీదికి పోతారు, నేనూ పోయాను. మన ఊళ్ళో ముందు చేయాల్సింది ఇది.

రెండో కొనుగోలు మాత్రం బోల్తా. పొడుగాటి తీగకి, దాన్నుంచి డాంగిల్‌కి వచ్చే సన్నటి కోయాక్స్ కేబులుకి పొత్తు కుదరదు. మధ్యలో తొమ్మిదికి ఒకటి ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. దాని చుట్లు చుట్టడానికి ఫెర్రైట్ (నల్లటి అయస్కాంత పింగాణీ) రింగు అడిగితే షాపతను పసుపు రింగు చేతిలో పెట్టి "సబ్ యహీ లేజాతే భాయ్" అన్నాడు. ఒక ముఖం తెలుపు, మిగతా అంతా పసుపు. కంప్యూటర్ పవర్ సప్లైల్లో ఉండే ఇనప పొడి రింగు అది. షార్ట్‌వేవ్‌లో సిగ్నల్ని తిని కూర్చుంటుంది. తెలిసీ కొన్నాను, తొమ్మిది చుట్లు చుట్టాను, పనిచేయలేదు. సరైన నల్ల రింగు, 43 రకంది, ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టాను.

నవంబరు 23, ఆదివారం

తీగ కట్టాను. 18 మీటర్లు, మామూలు ఇంటి వైరింగు వైరే. ఒక కొస సింటెక్స్ ట్యాంకుల స్టాండుకి, రెండోది లిఫ్టు రూము పైన ఇనప కమ్మీకి. డాబా మీద అన్నిటికంటే ఎత్తు అదే కదా అని.

వాచ్‌మన్ అన్న బట్టల తీగ కింద నిలబడి చూశాడు. "సార్, లిఫ్టు రూముకు ఏం కడ్తున్రు? ప్రెసిడెంట్ సారు అడిగితే ఏం చెప్పాలె?"

"రేడియో వైరు అని చెప్పన్నా."

"రేడియో ఇప్పుడెవరు ఇంటరు సార్" అని నవ్వాడు. సాయంత్రానికి ప్రెసిడెంట్‌గారు ఫోన్ చేయనే చేశారు. టవర్ పెడుతున్నానని ఎవరో చెప్పారట. ఆయన్ని పైకి తీసుకెళ్ళి ఆ పావు అంగుళం వైరు చూపించాక "ఇంతేనాండీ" అని కిందికి దిగిపోయారు. ఆయన మొహంలో కాస్త నిరాశ కూడా కనిపించింది.

నవంబరు 27, గురువారం

లిఫ్టు రూముకి తీగ కట్టినవాడిని ఏమనాలి? లిఫ్టు మోటారుని నడిపే డ్రైవ్ అక్కడే ఉంది. ఎవరైనా బటన్ నొక్కితే చాలు, స్క్రీను మొత్తం అడ్డంగా తెల్లబడుతుంది. ఐదో అంతస్తు వాళ్ళ అబ్బాయి ట్యూషన్ నుంచి ఎప్పుడొస్తాడో ఇప్పుడు నాకు నిమిషాలతో సహా తెలుసు.

రాత్రి 9.40కి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంది. అపార్ట్‌మెంటంతా చీకటి. స్క్రీను మీది పసుపు చారలన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. చారలున్న చోటల్లా సన్నటి గీతలు లేచాయి, పదులకొద్దీ. పది మెగాహెర్ట్జ్ పక్కన ఎవరో మోర్స్ కొడుతున్నారు, చైనా భాషలో ఎవరో మాట్లాడుతున్నారు, ఏదో మోడెమ్ గరగరలాడుతోంది. ఇవన్నీ రోజూ నా తీగ మీదికి వస్తూనే ఉన్నాయన్నమాట. జనరేటర్ అందుకోవడానికి ఎంత పట్టిందో గడియారం చూశాను: యాభై రెండు సెకన్లు. చారలు తిరిగొచ్చాయి.

కరెంటు వచ్చాక టార్చిలైటు పట్టుకున్న దొంగలా ఇంట్లో ఒక్కో స్విచ్చు ఆపుతూ తిరిగాను. పెద్ద దొంగ నా ల్యాప్‌టాప్ చార్జరే. రెండోది వంటింట్లో గట్టు మీది ఎల్ఈడీ స్ట్రిప్పు. మా ఆవిడ స్ట్రిప్పుని ముట్టుకోనివ్వలేదు. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఆపేందుకు ఒప్పందం కుదిరింది.

డిసెంబరు 4, గురువారం

సెలవు పెట్టి జుమ్మెరాత్ బజార్ వెళ్ళాను. పాత వాల్వు రేడియో ఒకటి నచ్చింది, రేటు విని తిరిగొచ్చాను. పనికొచ్చిన వేట వేరే. పాత కంప్యూటర్ మానిటర్ కేబుళ్ళకి చివర్లో లావుగా ఒక బొడిపె ఉంటుంది కదా, అందులో ఉండేది ఫెర్రైటే. కేబుళ్ళు తూకానికి అమ్ముతున్నారు. కిలోన్నర తెచ్చి, బొడిపెలు కోసి, కోయాక్స్‌కి దండలా ఎక్కించాను. కేబులు పైతొడుగు మీద పాకుతూ వచ్చే ఇంటి రొద సగానికి సగం తగ్గింది. తీగ కొసని లిఫ్టు రూము నుంచి విప్పి అవతలి పిట్టగోడ మూల పైపుకి మార్చాను. నల్ల రింగు ట్రాన్స్‌ఫార్మరు కూడా పెట్టేశాను.

డిసెంబరు 7, ఆదివారం

ఈ వారం పట్టుకున్న 'రహస్యాలు', వాటి అసలు రంగులు.

10000 కిలోహెర్ట్జ్ మీద సెకనుకొక టిక్కు, రాత్రంతా. పేరు చెప్పదు, మాట్లాడదు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక 59వ నిమిషంలో మోర్స్‌లో మూడక్షరాలు, ఆ వెంటనే చైనా భాషలో ఒక ఆడగొంతు. బీపీఎం, చైనావాళ్ళ టైము స్టేషను. గడియారం సరిచేసుకోవడానికి నడిపేది. 9996 మీద మాస్కో వాళ్ళది ఇలాంటిదే ఇంకోటి ఉంది.

ఇంకో రాత్రి డప్పులు, తాళాలు, సన్నాయిలాంటి వాద్యం. కోయగూడెం జాతరలా ఒకటే హోరు. ఇది కచ్చితంగా ఏదో సంకేతమే అనుకున్నా. కాదు. చైనాకి నచ్చని స్టేషన్ల మీద ఆ పాట పోసి ముంచేస్తారు. వినేవాళ్ళు దానికి ఫైర్‌డ్రేక్ అని పేరు పెట్టారు. కింద మునిగిన గొంతు ఎవరిదో ఎంత చెవి రిక్కించినా వినపడలేదు.

నాకు నిజంగా నచ్చింది 7039 దగ్గర. ఒకటే అక్షరం, మోర్స్‌లో, తెల్లవార్లూ. గీత గీత, కొంచెం ఆగి, మళ్ళీ గీత గీత. అది ఎం. రష్యా నౌకాదళం మగడాన్ నుంచి పంపుతుందని లెక్క. పక్కనే వ్లాడివోస్టాక్‌ది ఎఫ్, కామ్చాట్కాది కె. మాస్కోది సి, సెవస్టోపోల్‌ది డి కూడా ఉన్నాయంటారు గానీ నాకింకా దొరకలేదు. ఏ అక్షరం గట్టిగా వినిపిస్తే ఆ వైపు ఆకాశం తెరిచి ఉందని అర్థం. పనికొచ్చే రహస్యం ఇది ఒక్కటే.

డిసెంబరు 14, ఆదివారం

నాన్న లైన్లోకి వచ్చాడు.

ఎఫ్ఎల్‌డిజీ అని మోర్స్‌ని అక్షరాలుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకున్నాను. సిగ్నలు బలంగా ఉంటే బాగానే రాస్తుంది, లేకపోతే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు రాస్తుంది. నాన్న వెనక నిలబడి కాసేపు విని, "నాకు తెలియట్లేదురా" అన్నాడు. నేను నమ్మలేదు. ముప్పై ఏళ్ళు మోర్స్ విన్న మనిషి!

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఆఫీసులో ఈల మోగదు. సౌండరని ఇత్తడి పనిముట్టు, అందులో ఒక మీట కిందికి పడితే ఒక టక్కు, పైకి లేస్తే ఇంకో టక్కు. రెండు టక్కుల మధ్య వ్యవధి తక్కువైతే చుక్క, ఎక్కువైతే గీత. వాళ్ళు విన్నది శబ్దాన్ని కాదు, శబ్దాల మధ్య ఖాళీని. "ఇదేమో కుయ్యిమంటుంది. చెవికి అలవాటవ్వాలి." టక్కు బాగా వినపడాలని సౌండరు వెనక ఖాళీ పొగాకు డబ్బా పెట్టుకునేవాళ్ళు ఉండేవారట.

రోజూ రాత్రి అన్నం తిన్నాక పావుగంట 7039. నాలుగో రోజుకి చూడకుండానే "వ్లాడివోస్టాక్ బాగుంది ఇవాళ" అన్నాడు.

మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది 2013 జులైలో. ఆ రోజు నాన్నని ఫోన్లో అడిగితే "మోర్స్ ఎప్పుడో పోయిందిరా, ఇప్పుడు పోయింది కాగితమే" అన్నాడు. ఆ మాట ఇవాళ గుర్తొచ్చింది.

డిసెంబరు 20, శనివారం

పాప తొమ్మిదో తరగతి. "ఆ అంకెల్ని ఏఐకిస్తే చెప్పేయదా?" అని అడిగింది. మాటల్లో కాకుండా చేసి చూపిద్దామని హౌసీ డబ్బా దించాం.

పాప ఒక కోడ్‌బుక్ రాసింది. గోల్కొండ 47192, ట్యాంక్‌బండ్ 60315, ఇంకా ఓ ఇరవై చోట్లు. ఇప్పుడు తాళం కావాలి, ఎవరూ ఊహించలేని అంకెలు. హౌసీ బిళ్ళలు 1 నుంచి 90 దాకా ఉంటాయి. చివరి అంకె చూస్తే సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతిదీ సరిగ్గా తొమ్మిదేసి బిళ్ళల మీద ఉంటుంది. తీసిన బిళ్ళ మళ్ళీ డబ్బాలో వేసి కుదపాలి, అది ముఖ్యం. 48, 15, 73, 6, 90 వచ్చాయి. తాళం 85360.

గోల్కొండకి తాళం కలపాలి, చేతిలో మిగిలింది పక్కకి తీసుకెళ్ళకుండా. 4, 8 కలిపితే 12, అందులో 2 మాత్రమే రాయాలి. 7, 5 కలిపినా 2. 1, 3 కలిపితే 4. 9, 6 కలిపితే 5. 2కి సున్నా, 2. పంపాల్సింది 22452. రేడియోలో వచ్చేది ఇదే.

"దొంగకి 22452 దొరికింది. తాళం తెలీదు. వాడు ఊహించాలి. 62147 అని ఊహించాడనుకో, తీసేయ్" అన్నాను. పాప తీసేసింది, చాలని చోట పది కలుపుకుని. 60315. ట్యాంక్‌బండ్.

"మరి ఏది కరెక్టు నాన్నా?"

"వాడికి రెండూ కరెక్టే. ఐదంకెల తాళాలు లక్ష ఉన్నాయి. లక్షా ప్రయత్నిస్తే నీ పుస్తకంలో ఉన్న ప్రతి ఊరూ వస్తుంది, లేనివీ వస్తాయి. ఎంత పెద్ద కంప్యూటరైనా దీన్ని విప్పలేకపోవడం కాదు, విప్పడానికి అందులో ఏమీ ఉండదు." క్లాడ్ షానన్ దీన్ని గణితంతో నిరూపించి 1949లో అచ్చువేశాడు. షరతులు మూడే. తాళం నిజంగా గుడ్డి అంకెలై ఉండాలి, సందేశమంత పొడుగుండాలి, ఒకసారి వాడాక చించేయాలి.

మూడో షరతు దగ్గరే మనుషులు జారారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సోవియట్ వాళ్ళు తొందరలో కొన్ని తాళం పేజీలకి రెండో కాపీ అచ్చేసి వాడేశారు. ఒకే తాళంతో వచ్చిన రెండు సందేశాల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తాళం ఎగిరిపోతుంది, మిగిలేది రెండు సందేశాల తేడా. అమెరికన్లు వెనోనా అనే పేరుతో ఏళ్ళ తరబడి ఆ సందులోంచే తవ్వారు.

మామూలుగా దొరికిపోయేది ఇంట్లోనే. 2001 సెప్టెంబరులో అరెస్టయిన అనా మోంటెస్ అమెరికా రక్షణ నిఘా సంస్థలో ఉద్యోగి, పనిచేసింది క్యూబాకి. సోనీ షార్ట్‌వేవ్ రేడియోలో అంకెలు విని, రాసుకుని, ల్యాప్‌టాప్‌లో కొట్టి చదివేది. ఆమె తుడిచేశాననుకున్న ఫైళ్ళు ఆ ల్యాప్‌టాప్‌లోంచే తీశారు. రేడియో వైపు నుంచి ఆమెని పట్టుకునే దారి లేదు. ఫోనుకి, మెయిలుకి అందుకున్నవాడి జాడ ఉంటుంది. రేడియో విన్నవాడి జాడ ఎక్కడుంటుంది? ఇన్ని యాప్‌లొచ్చినా వీళ్ళు షార్ట్‌వేవ్‌ని వదలకపోవడం వెనక ఉన్న కారణం ఇదేనని నా నమ్మకం.

పాపకి ఇవన్నీ పట్టలేదు. ఉత్తర కొరియా కథ ఒక్కటే నచ్చింది. 2016లో వాళ్ళ రేడియో మళ్ళీ అంకెలు చదవడం మొదలుపెట్టింది. 27వ నంబరు అన్వేషక దళానికి దూరవిద్య పాఠాల పునశ్చరణ అని చెప్పి, ఫలానా పేజీ ఫలానా నంబరు అంటూ వరసగా చదివారు. "ఓపెన్ యూనివర్సిటీలో స్పైలా?" అని పడీ పడీ నవ్వింది.

డిసెంబరు 27, శనివారం

దొరికింది!

రాత్రి 8.30. పదిన్నర మెగాహెర్ట్జ్ పైన, ఖాళీగా ఉండే చోట, ఒక్కసారిగా సన్నటి గీత లేచింది. మోర్స్. వేగం మధ్యస్తం, చేత్తో కొట్టింది కాదు, మిషన్ నిలకడ. నేను ఎఫ్ఎల్‌డిజీ తెరిచేలోపే నాన్న కుర్చీలోంచి అన్నాడు: "ఏడు, ఒకటి, ఆరు. ఏడు, ఒకటి, ఆరు. మళ్ళీ అదే. ఇప్పుడు ఒకటి. ఒక్కటే ఒకటి."

గీత గీత చుక్క చుక్క చుక్క. చుక్క గీత గీత గీత గీత. గీత చుక్క చుక్క చుక్క చుక్క. 716 716 716 1. నాకు చేతులు వణికాయి. ఇది ఎం12 పద్ధతి. వినేవాళ్ళు రష్యా నిఘావాళ్ళదని గట్టిగా చెప్పే స్టేషను. ఒకే సందేశాన్ని ఇరవై నిమిషాల తేడాతో మూడు వేర్వేరు ఫ్రీక్వెన్సీల మీద పంపుతుంది. చివరి 1 అంటే ఇవాళ సందేశం ఉందని. అసలు తమాషా 716 అనే ఆ పిలుపు పేరులో ఉంది. మూడంకెలూ మూడు ఫ్రీక్వెన్సీల్లో వందల స్థానంలో ఉండే అంకెలు. మొదటిది పది వేల ఏడు వందల పైచిలుకు కిలోహెర్ట్జ్ మీద విన్నాం కదా, ఆ 7 అదే. రెండోది ఎక్కడో ఒక చోట నూట ఎంతో, మూడోది ఆరు వందల ఎంతో. వెయ్యి స్థానం మాత్రం చెప్పదు. అది ఎవరికి కావాలో వాళ్ళకి ముందే తెలుసు.

మొదటి దాంట్లో సగం గుంపులు తప్పిపోయాయి, మా ఉత్సాహమే కారణం. 8.50 కోసం సిద్ధమయ్యాం. రాత్రి ముదిరేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు చచ్చిపోతాయి కాబట్టి కిందికే దిగుతుందని అనుకున్నాను. నా డాంగిల్ ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు చూపిస్తుంది. ఎనిమిది నుంచి పది పైదాకా పరిచి, 8100, 9100, 10100 సందుల మీద మూడు వేళ్ళు పెట్టుకు కూర్చున్నాం. ముగ్గురం, పాప కూడా. 8.50 సరిగ్గా. పాప వేలి కింద లేచింది. 9100 పైన. 716 716 716 1.

పరీక్ష ఫలితాల్లో హాల్‌టికెట్ నంబరు కనిపించినప్పుడు కూడా నేనింత అరవలేదు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగితే ఎవరమూ సరిగ్గా చెప్పలేకపోయాం.

9.10కి మూడోది. 9.04కి కరెంటు పోయింది. జనరేటరు, దాని రొద, అదే సమయానికి మొత్తం అపార్ట్‌మెంటు లిఫ్టు ఎక్కిందేమో అన్నట్టు తెల్లటి పట్టీలు. మూడోది ఎక్కడ వచ్చిందో, ఏమైందో.

డిసెంబరు 30, మంగళవారం

రాతపని ఏమీ లేదు. పక్క విషయం ఒకటి. మనకి దగ్గర్లోనే ఇలాంటి పనికి ఒక స్టేషను కడుతున్నారు. వికారాబాద్ దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. చెట్ల గురించి గొడవ జరిగింది కూడా అందుకే. నీళ్ళలో మునిగి ఉన్న జలాంతర్గాములకి ఆదేశాలు పంపడానికి అది. షార్ట్‌వేవ్ నీళ్ళలోకి దిగదు, అంత తక్కువ ఫ్రీక్వెన్సీయే కొన్ని మీటర్ల లోతుకి వెళ్తుంది. ఇప్పటిదాకా మనకి ఉన్నది తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర. సముద్రం లేని తెలంగాణలో సముద్రం అడుగుకి మాట్లాడే స్టేషను! నాన్నకి ఇది చెప్తే "ఎత్తయిన నేల కావాల్రా వాళ్ళకి, నీళ్ళు కాదు" అన్నాడు.

జనవరి 11, ఆదివారం

తీగ తెగింది. పతంగులు. సంక్రాంతికి డాబాలన్నీ నిండుతాయని తెలుసు, తీగని నాలుగు రోజులు దించేయాలని తట్టలేదు. పక్క బిల్డింగు పిల్లల మాంజా దానికి చుట్టుకుంది, ఇటు నుంచి వీళ్ళు లాగారు, అటు నుంచి వాళ్ళు. నేను పైకెళ్ళేసరికి 18 మీటర్ల తీగ మూడు ముక్కలు, వాటికి ఒక ఎర్ర పతంగి. పిల్లలు పతంగి తిరిగిమ్మని అడిగారు. ఇచ్చాను.

నిన్న శనివారం రాత్రి కూడా 8.30కి వచ్చింది, పేరు మారింది. కొత్త నెల, కొత్త ఫ్రీక్వెన్సీలు కాబట్టి పేరూ కొత్తదే. రెండోది దొరకలేదు.

జనవరి 17, శనివారం

కొత్త తీగ, ఈసారి 20 మీటర్లు. మధ్యలో పాత చొక్కా పీలికలు కట్టాను, కనపడ్డానికి. బట్టలు ఆరేసుకోవచ్చా అని నాలుగో అంతస్తు ఆంటీ అడిగారు. వద్దండీ అన్నాను. ఆరేశారు. తడి చీర ఆరేస్తే సిగ్నలు ఎంత పడుతుందో ఇప్పుడు నా దగ్గర రికార్డు ఉంది.

జనవరి 24, శనివారం

మూడూ దొరికాయి.

7.30 నుంచే ఎల్ఈడీ స్ట్రిప్పు బంద్, చార్జరు బంద్. నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనక వైపు గళ్ళు గీసుకున్నాడు. అడ్డంగా ఐదేసి గుంపులు. పెన్సిల్ చెక్కి రెండు పక్కన పెట్టుకున్నాడు. పెన్నెందుకు వద్దంటే, సిరా ఆగితే చేయి ఆగుతుందట. నేను ఎఫ్ఎల్‌డిజీని ఇంకో పక్క నడిపాను, మొత్తాన్ని రికార్డింగ్‌లో కూడా పెట్టాను.

నాన్న రాస్తున్నప్పుడు ఒకటి గమనించాను. చెవి వింటున్న అంకెని చేయి రాయడం లేదు. రెండంకెల వెనకే ఉంటోంది. వినడం ముందు పోతుంటే రాయడం నింపాదిగా వెనక నడుస్తోంది. ఒక చోట సిగ్నలు బాగా సన్నబడింది, గడిలో చుక్క పెట్టి వదిలేశాడు. నేనైతే ఏదో ఒకటి ఊహించి రాసేవాణ్ణి. "టెలిగ్రాంలో ఊహిస్తే కొంపలంటుకుంటాయి. పది వేలని పంపితే లక్ష అని రాశాడొకడు" అని తర్వాత చెప్పాడు.

సందేశానికి ముందే గుంపుల లెక్క వస్తుంది: 62. నాన్న కాగితంలో 62 గళ్ళు నిండాయి. ఎఫ్ఎల్‌డిజీలోనూ 62. ఒకదాని పక్కన ఒకటి పెట్టి పాప చదివింది. పదహారు దాకా అక్షరం తేడా లేదు. పదిహేడో గుంపు నాన్న రాసింది 35518. సాఫ్ట్‌వేర్ రాసింది 35, ఆ తర్వాత ఇంగ్లిష్ బి, ఆ తర్వాత 18.

"అంకెల్లో అక్షరమెలా వస్తుందిరా" అన్నాడు నాన్న.

రికార్డింగు ఆ చోట ఆపి, పెద్దది చేసి చూశాం. ఐదంటే ఐదు చుక్కలు. మొదటి రెండు చుక్కల మధ్య ఖాళీ ఉండాల్సిన చోట ఒక తెల్లటి పట్టీ, అన్ని ఫ్రీక్వెన్సీల మీదా. లిఫ్టు. మోర్స్‌లో చుక్క ఒక పాలు, చుక్కల మధ్య ఖాళీ ఒక పాలు, గీత మూడు పాళ్ళు. చుక్క, లిఫ్టు, చుక్క కలిస్తే సరిగ్గా మూడు. అంటే గీత, ఆ తర్వాత మూడు చుక్కలు. అది బి. సాఫ్ట్‌వేర్ విన్నది నిజంగా అదే, దాన్నేమీ అనలేను.

ఇరవై నిమిషాల తర్వాత వచ్చిన రెండో ప్రసారంలో పదిహేడో గుంపు తీసి చూశాను. ఐదు చుక్కలూ విడివిడిగా, శుభ్రంగా. 35518. చూపిద్దామని వెనక్కి తిరిగితే నాన్న కుర్చీలో లేడు. పెన్సిళ్ళు డబ్బాలో పెట్టేసి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.